వేలిముద్ర పడని ఊళ్లో ఆర్వెల్

జార్జ్ ఆర్వెల్ నవల '1984' వచ్చింది 1949లో. కాలేజీ రోజుల్లో చదివితే మనసులో నిలిచింది గోడ మీది తెర ఒక్కటే. మనం దాన్ని చూస్తుంటే అది మనల్ని కనిపెడుతుంటుంది. అరకు చుట్టుపక్కల బళ్లలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక మళ్లీ తీశాను. ఈసారి ఆ తెర కన్నా కథానాయకుడు విన్‌స్టన్ చేసే ఉద్యోగమే ఎక్కువ భయపెట్టింది. పాత పేపర్లు దిద్దడం అతని పని. సర్కారు నిన్న చెప్పింది ఇవాళ తప్పని తేలితే, నిన్నటి పేపరునే మార్చేస్తాడు. పాత కాగితం మంటల్లోకి పోతుంది. ఆ తర్వాత ఎవరికెంత గుర్తున్నా చెల్లదు.

ఆర్వెల్ 1922లో బర్మా పోలీసుల్లో చేరాడు. పాలించేవాడి రికార్డుకుండే బలం లోపలినుంచి చూసినవాడు.

మా ఏజెన్సీలో నిఘా కన్నా వేలిముద్రల మిషన్ మనిషిని పోల్చుకోకపోవడమే పెద్ద బెడద. సిగ్నల్ కోసం కొండెక్కి రేషన్ బియ్యానికి వేలిముద్ర వేసిన ఊళ్లున్నాయి. పసుపు తవ్వీ తవ్వీ గీతలరిగిన ముసలమ్మ బొటనవేలు పెడితే పడదు. "తుడిచి మళ్లీ పెట్టమ్మా" అంటాడు డిపో కుర్రాడు. ఆవిడెవరో అతనికీ తెలుసు, లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలియనిదల్లా మిషన్‌కే. చెల్లుబాటయ్యే మాట మాత్రం దానిదే. దొంగ కార్డులకు అడ్డుకట్ట వేయడానికే దాన్ని తెచ్చారు, కాదనను. కానీ పదిమంది ఎరిగిన మనిషి తాను తానేనని రుజువు చేసుకోవాల్సి రావడం ఆర్వెల్ రాసిన లోకానికి దగ్గరి చుట్టమే.

దీనికి విరుగుడు కూడా మన చట్టాల్లోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా అడిగితే, నిబంధనలు ఒప్పుకునే సాక్ష్యాల్లో ఊరి పెద్దల వాంగ్మూలం ఒకటి. చదును చేసి వేసిన గట్లు, పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలే. ఏదో ఒక్కటే ఉంటే చాలదు గానీ, ముసలివాళ్ల జ్ఞాపకం లెక్కలోకి వస్తుంది. ఉపగ్రహ చిత్రం వీటికి తోడుగా ఉండొచ్చు తప్ప, వీటి బదులు చెల్లదని 2012 సవరణ తేల్చింది. విన్‌స్టన్‌కి దక్కనిది ఇదే.

అందుకే ఆ నవలను భయపడటానికి కాదు, జాగ్రత్తపడటానికి చదవండి. మీది పోడు ఊరైతే గ్రామసభలో పెద్దల మాట రాయించండి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.