ఐదేళ్లు మూతపడిన బడులు

హాజరుపట్టికలో ఒక పేరు ఎదుట వరుసగా నాలుగు దినాలు గైర్హాజరు పడితే ఉపాధ్యాయుని మనస్సు కలత చెందుతుంది. బిడ్డకు జ్వరమా, ఇంట్లో ఇబ్బందియా అని ఆరా తీస్తాడు. మరి ఒక ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలల పట్టికలన్నీ ఒకేసారి ఖాళీ అయితే? అదీ కరవు వల్లనో, యుద్ధం వల్లనో కాక, పాలకుల తీర్మానం వల్ల అయితే?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే చిన్న గ్రామీణ కౌంటీలో అదే జరిగింది. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం. అక్కడ శ్వేతజాతి పిల్లలకు, నల్లజాతి పిల్లలకు బడులు వేరువేరుగా ఉండేవి. నల్లజాతి పిల్లల మోటన్ ఉన్నత పాఠశాలను సుమారు 180 మందికై నిర్మించారు. 1951 నాటికి అందులో 450 మందికి పైగా చదువుతున్నారు. చోటు చాలక తారు కాగితం కప్పిన పాకలలో తరగతులు నడిపారు. ఆ ఏడాది ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల బాలిక నాయకత్వంలో విద్యార్థులు బడి విడిచి బయటికి నడిచారు. వారి వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లి, 1954 నాటి బ్రౌన్ తీర్పులో భాగమైంది. ప్రభుత్వ బడులలో జాతి విభజన చెల్లదని న్యాయస్థానం ప్రకటించింది.

అయితే కౌంటీ పాలకులు తీర్పుకు తలవంచలేదు. పిల్లలను కలిపి చదివించవలసి వస్తుందని, 1959లో ప్రభుత్వ బడులకు నిధులే నిలిపివేశారు. బడులన్నింటికీ తాళాలు పడ్డాయి. శ్వేతజాతి పిల్లలకు చందాలతో ప్రైవేటు బడి వెలసింది. మరుసటి సంవత్సరం దానికి ప్రభుత్వ ఫీజు సాయం, పన్ను రాయితీ కూడా తోడయ్యాయి. నల్లజాతి పిల్లలకు బడే లేకపోయింది.

ఇక్కడ ఆ తల్లిదండ్రులకు ఎదురైన పరీక్షను గమనించండి. మీ పిల్లలకు కూడా విడిగా ప్రైవేటు బడి పెట్టిస్తామన్న ప్రతిపాదన వారి ముందుకు వచ్చింది. అంగీకరిస్తే బిడ్డలకు చదువు దక్కుతుంది, కాని వేర్పాటు శాశ్వతమవుతుంది. వారు నిరాకరించి, న్యాయపోరాటాన్నే ఎంచుకున్నారు. కొందరు పిల్లలను దూరపు బంధువుల ఇళ్లకు పంపారు. కొందరిని ఇతర రాష్ట్రాలలోని అపరిచిత కుటుంబాలు ఆదరించాయి. చర్చిలలో పెద్దలు అక్షరాలు దిద్దించారు. పొలం పనులలో కలిసిపోయి, మరల పుస్తకం పట్టని వారూ ఉన్నారు.

1963లో విరాళాలతో ఉచిత బడులు తెరుచుకున్నాయి. 1964 మే 25న సుప్రీంకోర్టు కౌంటీ చర్యను తప్పుపట్టింది. ఆ శరత్కాలంలో ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి. కాని ఆరేళ్లప్పుడు బడి మెట్టు ఎక్కవలసిన బిడ్డకు అప్పటికి పదకొండేళ్లు. 2003లో కౌంటీ వారు నాటి బాధితులకు గౌరవ పట్టాలు అందజేశారు. వాటిని అందుకున్న చేతులు అప్పటికే ముడుతలు పడ్డాయి.

పాఠకులారా, తీర్పు ఆలస్యంగానైనా వస్తుంది, పోయిన బాల్యం తిరిగి రాదు. సూత్రం కోసం బిడ్డల ఏళ్లను పణంగా పెట్టిన ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేము. తప్పు వారిని ఆ సంకటంలోకి నెట్టిన వారిది. మూసిన తలుపు ముందు వారు అయిదేళ్లు నిలబడ్డారు. మన వాడలో బడి తలుపు తెరిచి ఉండగా బయట తిరిగే బిడ్డ కనిపిస్తే, కారణమేమని నేడే అడుగుదాం.