గుంపు సంఘమగుట ఎట్లు?

కదిరి శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవమును చూడనివారు నల్లమాడ ప్రాంతమున అరుదు. ఫాల్గుణ మాసమున వేలాది జనులు మోకులు పట్టి ఆ పెద్ద తేరును వీధులలో నడిపింతురు. మోకు పట్టిన వారందరును నిజముగా లాగుచున్నారా? కొందరు లాగుదురు. కొందరు మోకును తాకి దండము పెట్టుకొందురు. మరికొందరు త్రోపిడిలో కొట్టుకొనిపోవుదురు. ఉత్సవమున అది తప్పు కాదు. అయినను తేరు కదలినదన్నచో, కేక వేసి అందరిచేత ఒక్కమారుగా లాగించువారును, చక్రముల క్రింద దుంగలు వేసి మలుపు త్రిప్పువారును తమ పని ఎరిగియుండుటయే కారణము.

ఫ్రాన్సు దేశమున రింగెల్మాన్ అను వ్యవసాయ ఇంజనీరు ఈ సంగతినే కొలిచి చూచెను. 1913లో ఆయన ప్రకటించిన లెక్క ఇది: ఒంటరిగా లాగువాని బలము 100 అనుకొన్నచో, ఇద్దరు కలిసినపుడు ఒక్కొక్కరి వంతు 93కు, ఎనిమిదిమంది కలిసినపుడు 49కి తగ్గినది. అనగా ఎనిమిదిమంది చేరి నలుగురి పని చేసిరి. అందరును ఒకే క్షణమున లాగకపోవుటయే ప్రధాన కారణమని ఆయన తలంచెను. తన వంతు ఎవరికిని కనబడదని తెలిసినపుడు మనిషి చేయి వదులు చేయునని తరువాతి పరిశోధకులు చూపిరి.

పంచాయతీ సభ్యులకు ఈ లెక్కతో పనియేమని అడుగవచ్చును. నేడు గ్రామములలో సంఘములకు కొదువ లేదు. పొదుపు సంఘములు, సాగునీటి సంఘములు, పాఠశాల కమిటీలు పెక్కు గలవు. పేర్లు వ్రాసి తీర్మానము చేసినంతనే ఇవి పనిచేయునని మనము భ్రమపడుచుందుము. ఆరు నెలలకు సంఘము పేరు కాగితముమీదనే మిగులును. ఏమి జరిగినదో తెలియుటకు, మన ఊళ్లకు మిక్కిలి పరిచితమైన మహిళా పొదుపు సంఘమునే తీసికొందము.

1982లో డ్వాక్రా పథకము వచ్చినది. 1992లో నాబార్డు బ్యాంకు ఇట్టి సంఘములకు అప్పులిచ్చు పద్ధతిని 500 సంఘములతో ప్రయోగాత్మకముగా ప్రారంభించినది. ఆ కాలముననే నెల్లూరు జిల్లాలో సారాపై పోరాడిన మహిళలు రోజుకొక రూపాయి దాచు పొదుపు ఉద్యమమును సాగించిరి. 2000లో వెలుగు పథకము ఆరు జిల్లాలలో మొదలైనపుడు వానిలో అనంతపురము ఒకటి. నల్లమాడ అప్పుడు ఆ జిల్లాలోనిదే, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. చెన్నేకొత్తపల్లి వైపున 1990లో నెలకొన్న టింబక్టు కలెక్టివ్ ఆసరాతో మహిళల పొదుపు సంఘములు సహకార సంఘములుగా ఎదిగినవి. కావున చూచి నేర్చుకొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు.

అయినను ఒక విదేశీయుని మాట ఇచ్చట ఉపయోగపడును. అమెరికాలో బ్రూస్ టక్మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, చిన్న బృందములపై వెలువడిన యాభై వ్యాసములను పరిశీలించి, బృందము నాలుగు దశలలో ఎదుగునని 1965లో వ్రాసెను. చేరిక, ఒరిపిడి, కట్టుబాటు, పనితనము అని వానిని మనము పిలువవచ్చును. ఆయన చూచినవానిలో చికిత్సకును శిక్షణకును కూర్చిన బృందములే ఎక్కువ. కనుక మన సంఘములు తప్పక అదే వరుసలో నడచునని పట్టుపట్టరాదు. కాని రెండవ దశను గూర్చి ఆయన చెప్పినది మన ఊరివారు వెంటనే గుర్తుపట్టుదురు.

చేరిక సులభము. ఒకే వీధివారు పన్నెండుమంది చేరి నెలకు నూరు రూపాయల చొప్పున దాచుకొనుచున్నారనుకొందము. నెలకు 1,200, ఆరు నెలలకు 7,200 రూపాయలు. అంతవరకు అందరును మర్యాదగా మాట్లాడుకొందురు. నాయకురాలు చెప్పినదానికి తల ఊపుదురు. దీనినే ఐకమత్యమని మనము మెచ్చుకొందుము. అది ఇంకను ఐకమత్యము కాదు, మొగమోటము.

జూన్ నెలలో వాన పడగానే అసలు సంగతి బయటపడును. వేరుసెనగ విత్తనమునకు అందరికిని ఒకే వారమున డబ్బు కావలెను. ఉన్నది 7,200. ఎవరికి ముందు? నాయకురాలి తోడికోడలికి ఇచ్చిన పక్షపాతమందురు. బీదరాలికి ఇచ్చిన, తిరిగి కట్టగలదా అని గొణుగుదురు. వాయిదా తప్పినపుడు అడుగుట మరింత కష్టము: అక్క, వదిన, చిన్నమ్మ అని పిలుచుకొను చోట అప్పును గూర్చి నోరు విప్పుటెట్లు? పంట ఎండిన ఏడు ఒక సభ్యురాలి కుటుంబము కూలికై బెంగుళూరు పోయినచో ఆమె వాయిదాను మిగిలినవారు భరించవలసి వచ్చును. బ్యాంకు అప్పు సంఘము పేరనున్నది గదా. అప్పుడు గొంతులు లేచును. పుస్తకము వ్రాయగల ఒక్కామెయే ఎల్లకాలము పెత్తనము చేయుచున్నదన్న పాత కోపమును అదే సమయమున బయటికి వచ్చును.

సాధారణముగా పంచాయతీ సభ్యుని వద్దకు కబురు వచ్చునది ఈ ఘట్టముననే. ఆయన రచ్చకట్టవద్ద కూర్చుండి, పెద్దరికముతో, "మీకు పొసగనిచో రెండు సంఘములు చేసికొనుడు" అని తీర్పు చెప్పును. లేదా తనకు తెలిసిన ఆమెను నాయకురాలిగా నిలుపును. రెండును సదుద్దేశముతో చేసినవే. కాని ఒరిపిడి సంఘమునకు వచ్చిన జబ్బు కాదు. ఎవరి అవసరము ముందు, ఎవరి మాట చెల్లును అన్నవి మొదటిసారి పైకి వచ్చుటయే అది. దానిని బయటివారు అణచిన యెడల కట్టుబాటు పుట్టదు. చీలిన రెండు సంఘములలోను మరుసటి జూన్ నెలలో అదే తగవు మరల లేచును.

అట్లని చూచుచు ఊరకుండుమని మా అభిప్రాయము కాదు. తీర్పు చెప్పక, వారే నియమము చేసికొనునట్లు ప్రశ్నలడుగవలెను. విత్తనపు వారమున అప్పు ఎవరికని మే నెలలోనే ఎందుకు నిర్ణయించుకొనరాదు? వలస పోవునామె ఎవరికి చెప్పి పోవలెను, వాయిదా ఎవరిచేత పంపవలెను? వరుసగా రెండు సమావేశములు మానినచో ఏమి? ఏడాదికొకమారు నాయకురాలు మారునా? సభ్యురాండ్రు తమ నోట చెప్పిన జవాబును తీర్మానాల పుస్తకములో వ్రాసి, అందరికిని చదివి వినిపించి, సంతకములో వేలిముద్రలో వేయించవలెను. పుస్తకములో నియమమున్నచో వదినను డబ్బడుగుచున్నది మరదలు కాదు, సంఘము. మొగమోటము తగ్గుటకు ఇంతకంటె మంచి ఉపాయము మాకు తెలియదు.

పంచసూత్రములని సంఘములవారు చెప్పుకొనునవి ఈ అనుభవమునుండి వచ్చినవే: క్రమము తప్పని సమావేశము, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, సరియైన లెక్కలు. వీనిలో సమావేశమే మొదటిది. ఎవరు ఎంత కట్టిరో పదిమంది ఎదుట చదివినపుడు ప్రతివారి వంతును కనబడును; రింగెల్మాన్ మోకువద్ద కనబడనిది అదే. సమావేశమునకు చోటు, దీపము, నిర్ణీత దినము సమకూర్చుట పంచాయతీకి భారము కాదు. సంఘమును సభలకు జనమును తోలుకొనివచ్చు సాధనముగా వాడుకొనుట మాత్రము మానవలెను. సమావేశపు దినమున వారిని బండి ఎక్కించి పంపిన ఊళ్లో క్రమమును గూర్చి ఉపన్యసించుట చెల్లదు.

బయటివారు అప్పు కొరకు కూర్చిన గుంపుల గతి ఏమగునో 2010లో మన రాష్ట్రము చూచినది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు మహిళలను గుంపులుగా చేర్చి ఒకరికొకరిని పూచీ పెట్టి అప్పులిచ్చినవి. వసూలు ఒత్తిడి దుస్సహమైనది. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. ఒకరికొకరు పూచీ అన్నమాట రెండు చోట్లను ఒకటే. కాని తామే నియమము చేసికొన్నచోట అది ఆదరువు, పైనుండి వచ్చినచోట ఉరి.

టక్మన్ 1977లో, మేరీ ఆన్ జెన్సెన్ తో కలిసి, అయిదవ దశను చేర్చెను: విడిపోవుట. కొన్ని సంఘములు ముగియును. అది ఓటమి కానక్కరలేదు. అప్పుడు పంచాయతీ సభ్యుడు చూడవలసినది ఒక్కటి. బ్యాంకు బాకీ తీర్చి, పొదుపు, వడ్డీ ఎవరికెంత వచ్చునో అందరి ఎదుట చదివించి, బెంగుళూరులో నున్న సభ్యురాలికి కూడ కబురు పంపి, ఆమె వంతు ఆమెకు చేరిన పిమ్మటనే చివరి పుటలో సంతకములు పెట్టించవలెను.