మణికట్టు ఇచ్చు పట్టు

హిందూపురము చింతపండు వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. అచ్చటినుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోవు దారిలో పల్లెపల్లెకును చింతచెట్లు కానవచ్చును. మాఘ ఫాల్గుణములలో కాయ పండగానే కొందరు దోటి చేతబట్టి కొమ్మ లెక్కుదురు. కాలు జారినచో ప్రమాదము. మన దేశమున వెన్నుపాము దెబ్బతినుటకు వాహన ప్రమాదములతోపాటు చెట్లపైనుండి, మిద్దెలపైనుండి పడుటయు ముఖ్యకారణము.

మెదడు ఆజ్ఞలు వెన్నుపాము గుండా అవయవములకు చేరును. చేతులకు పోవు నాడులు ముఖ్యముగా మెడభాగమునుండి బయలుదేరును. మెడయందలి ఐదవ నాడి వరకు మిగిలినచో మోచేయి ముడుచుకొనును. ఆరవదియు మిగిలినచో మణికట్టు పైకి లేచును. వ్రేళ్లను ముడుచుటకు ముఖ్యముగా ఎనిమిదవ నాడి కావలెను. అంగుళమైనను లేని ఎడములో, తన చేతితో తినువాడును, ఒకరు తినిపింపవలసినవాడును వేరగుదురు. అందుచేతనే పడినవానిని కాలుసేతులు పట్టి ఎత్తరాదు. మెడ కదలకుండ బల్లపై చేర్చి కొనిపోవలెను.

మణికట్టు లేచి, వ్రేళ్లు కదలని చేతికి ఒక ఉపాయము కలదు. విద్యార్థులు దీనిని తమ చేతిమీదనే పరీక్షింపవచ్చును. వ్రేళ్లను వదులుగా విడిచి, మణికట్టును మెల్లగా పైకెత్తినచో, వ్రేళ్లు తమంతట తామే ముడుచుకొని బొటనవ్రేలు చూపుడువ్రేలి ప్రక్కకు చేరును. దించినచో విచ్చుకొనును. వ్రేళ్ల స్నాయువులు మణికట్టును దాటి పోవుటచే, అది లేచినపుడు బిగియును. ఈ బిగింపునే చికిత్సకులు పట్టుగా మలతురు. మొదట మెత్తని స్పాంజి, పిదప కొయ్యదిమ్మె, ఆపైన లావుపిడి చెంచా. ప్రతిదినము వందలసార్లు, నెలల తరబడి. ఇంటివారు ప్రేమకొలది మణికట్టును, వ్రేళ్లను ఒక్కమారే వెనుకకు సాగదీయుట కద్దు. అట్లు చేసినచో స్నాయువులు సాగి, రావలసిన పట్టు రాకపోవును. మణికట్టు వంచినపుడే వ్రేళ్లు చాపవలెను.

రాయలసీమవారు అనేకులు వైద్యమునకు పోవు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీసు అను వైద్యురాలుండెను. 1954లో జరిగిన కారు ప్రమాదమున ఆమెకు నడుము క్రిందిభాగము చచ్చుబడెను. దెబ్బ మెడకు దిగువ తగులుటచే చేతులు చెడలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. 1966లో అచ్చట పునరావాస సంస్థ వెలసెను. పనిచేయు కండరపు స్నాయువును పనిచేయని వ్రేలికి కలుపు శస్త్రచికిత్స మెడ దెబ్బతిన్నవారిలో కొందరికిని నేడు ఉపయోగపడుచున్నది.

మణికట్టు పట్టు బలహీనమైనది. ధర్మవరపు మగ్గముమీద తెగిన పట్టుపోగును దానితో ముడివేయుట కష్టము. చెంచా మాత్రము నోటికి చేరును. కలము కాగితముపై కదలును.