కారు దిగి చూసిన బహ్రెయిన్

మా బావమరిది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. అక్టోబర్ వచ్చిందంటే చాలు, ఎర్రబడ్డ ఆకుల మధ్య పిల్లలతో కలిసి నడుస్తున్న ఫొటోలు పంపిస్తాడు. "బావా, ఈ వారం ఇంకో ట్రెయిల్ పూర్తి చేశాం" అని కింద ఒక ముక్క. రాష్ట్రంలో ఉన్న కాలిబాటలన్నీ ఒక్కొక్కటిగా నడిచెయ్యాలని వాళ్ల పట్టుదల. రెండేళ్ల కిందట అలాంటి ఫొటో ఒకటి చూసి మా అబ్బాయి (అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు) అడిగాడు: "నాన్నా, మనకిక్కడ నడవడానికి ఏముంది?"

"ఏముందిరా, మాల్ ఉంది" అన్నాను. అందరం నవ్వుకున్నాం. పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నేను ఇక్కడే పుట్టాను. ఇంకో రెండేళ్లలో కాలేజీకి ఇండియా వెళ్లిపోతాను. అక్కడ ఎవరైనా బహ్రెయిన్ ఎలా ఉంటుందని అడిగితే ఏం చెప్పాలి? పార్కింగ్ ఏ లెవెల్‌లో దొరుకుతుందో చెప్పాలా?" అంది.

ఆ మాట రాత్రి దాకా గుచ్చుకుంటూనే ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 50 కిలోమీటర్లు, అడ్డంగా ఓ 16 కిలోమీటర్లు, అంతే ఈ దీవి. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ, ఫ్లాటు నుంచి కారుకి, కారు నుంచి ఆఫీసుకి తప్ప కాలు కింద పెట్టలేదు నేను. సెలవులొస్తే విమానం ఎక్కి ఎక్కడెక్కడికో పోయాం. మర్నాడు ఆఫీసులో ఒక బహ్రెయినీ మిత్రుడితో ఈ సంగతి చెబితే, "అయితే నువ్వు అధారి ఊట లాంటివాడివన్నమాట" అని పకపకా నవ్వాడు. అధారి ఇక్కడి పేరున్న మంచినీటి ఊట. దాని నీళ్లు కాలవల్లో పారి దూరపు తోటల్ని తడిపేవట, పక్కనున్న నేల మాత్రం ఎండిపోయేదట. దగ్గరివాళ్లను వదిలేసి దూరపువాళ్లకు మేలు చేసేవాణ్ని ఇక్కడ అలా ఎత్తిపొడుస్తారు. తర్వాత ఆ ఊటే ఎండిపోయింది, అది వేరే కథ.

మనది కంప్యూటర్ బుర్ర కదా! ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాను. చోటు, దూరం, నీడ ఉందా లేదా, బాత్రూమ్ ఎక్కడ (ఈ కాలమ్ మా ఆవిడ పెట్టించింది), ఏ నెలలో వెళ్లాలి. బహ్రెయిన్‌లో నడకకి నవంబర్ నుంచి మార్చి దాకానే. మే దాటాక పిల్లల్ని తీసుకుని ఎండలో బయలుదేరడం సాహసం కాదు, తెలివితక్కువతనం. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పనిని ప్రభుత్వమే నిషేధిస్తుందంటే మీరే అర్థం చేసుకోండి.

మొదటి నడక సులువుగా ఉండాలని బహ్రెయిన్ కోట దగ్గర పెట్టుకున్నాం. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన చోటు. దూరం నుంచి మట్టిగుట్ట మీద పోర్చుగీసువాళ్ల కోట అనిపిస్తుంది. కానీ ఆ గుట్టంతా మనుషులు కట్టిందే. సుమారు 4000 ఏళ్లకు పైగా ఊరు కూలిన చోటే ఇంకో ఊరు కట్టుకుంటూ పోతే అంత ఎత్తు లేచింది. 1950లలో డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లు తవ్వినప్పుడు అడుగు పొరల్లో సింధు నాగరికత తూకపు రాళ్లు దొరికాయి. "అంటే అప్పుడే ఇండియా వాళ్లు ఇక్కడ పనికొచ్చారా?" అన్నాడు మావాడు. పనికో, వ్యాపారానికో, రాకపోకలైతే ఉన్నాయి నాయనా!

ఆ తర్వాత ఆలి, హమద్ టౌన్ల వైపు దిల్మున్ కాలపు సమాధి దిబ్బల మధ్య నడిచాం. క్రీ.పూ. 2200 - 1750 మధ్య కట్టినవి. 2019లో యునెస్కో గుర్తించిన 21 చోట్లలోనే 11,774 దిబ్బలు ఉన్నాయి. ఆలిలో ఇళ్ల మధ్యలోనే రాజుల దిబ్బలు మేడంత ఎత్తున కనిపిస్తాయి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర మానేశారు.

నాకు మనసు పట్టింది తుబ్లీ అఖాతం. నాది కాకినాడ. చిన్నప్పుడు కోరంగి మడ అడవుల్లో పడవెక్కి తిరిగినవాణ్ని. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన ఊపిరి వేర్లు చూడగానే కాళ్లు ఆగిపోయాయి. అవిసెన్నియా మారినా అనే ఈ మడచెట్టు కోరంగిలోనూ ఉంది, ఇక్కడ మనామాకి కూతవేటు దూరంలోనూ ఉంది. శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, మన పులికాట్‌కి వచ్చినట్టే. 1995 నుంచి రక్షిత ప్రాంతం. అయినా సముద్రాన్ని పూడ్చి పూడ్చి అఖాతం చాలావరకు కుంచించుకుపోయింది, చుట్టూ చెత్త కూడా తక్కువేం లేదు. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, పాత చెప్పులు వేసుకెళ్లండి.

ఇక ముహర్రక్ ముత్యాల బాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. బు మాహిర్ కోట దగ్గర సముద్రం ఒడ్డున మొదలై పాత ఊరి సందుల్లోంచి సియాదీ వారి ఇంటి దాకా 3.5 కిలోమీటర్లు. ఈ ముత్యాల వారసత్వానికి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దారి తప్పుతామన్న భయం లేదు. మలుపు మలుపునా తెల్లటి గుండ్రటి దీపాలు ముత్యాల్లా నిలబడి ఉంటాయి. సాయంత్రం వెళితే అవి వెలుగుతాయి, పక్కన టీకొట్లూ ఉంటాయి.

మా ఆవిడది హైదరాబాద్. వాళ్లమ్మగారు పెళ్లికి పెట్టిన బస్రా ముత్యాల దండ ఒకటి ఉంది, బ్యాంకు లాకర్లో ఉంటుంది, పెళ్లిళ్లకే బయటికొస్తుంది. పేరుకి బస్రా గానీ ఆ ముత్యాలు ఈ గల్ఫు నీళ్లవి, వాటిలో బహ్రెయిన్ ముత్యాలకే ఎక్కువ పేరు. ఇక్కడ తీసినవి బొంబాయి మీదుగా నిజాం నగరానికి చేరేవి. (ఇవాళ చార్మినార్ దగ్గర అమ్మేవి చాలావరకు చైనాలో పెంచినవి. బహ్రెయిన్‌లో మాత్రం పెంచిన ముత్యాల వ్యాపారం చట్టప్రకారం నిషిద్ధం.) ఈ బాటలో పెద్ద పెద్ద వ్యాపారుల మేడలున్నాయి, నౌకా నాయకుడి ఇల్లు ఉంది. మధ్యలో గజ ఈతగాడి ఇల్లు కూడా ఒకటి ఉంది, మిగతా వాటితో పోలిస్తే చాలా చిన్నది. మా ఆవిడ అక్కడే ఆగిపోయింది.

వేసవిలో నాలుగు నెలలు సముద్రం మీదే ఉండేవారు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, నడుముకు తాడు. ఊపిరి బిగబట్టి అడుగుకు దిగడం, దొరికినన్ని చిప్పలు బుట్టలో వేసుకోవడం, తాడు లాగితే పైనున్నవాడు చేదడం. రోజుకి అలా ఎన్నోసార్లు. బయలుదేరే ముందే ఇంటి ఖర్చులకి నాయకుడి దగ్గర అడ్వాన్సు తీసుకునేవారు. సీజన్ బాగోకపోతే అప్పు పెరిగేది, మనిషి పోతే కొడుకు మీద పడేది. 1930లలో ఆర్థిక మాంద్యం, జపాన్ కల్చర్డ్ ముత్యాలు కలిసి ఈ వ్యాపారాన్ని ముంచేశాయి. అప్పుడే, 1932లో, జబల్ దుఖాన్ కింద చమురు పడింది.

"ఏజెంటు దగ్గర అప్పు చేసి వీసా కొనుక్కున్నట్టే ఉంది" అంది మా ఆవిడ. ఇంటికొచ్చాక దండ గురించి మాట్లాడలేదు. ఆ తర్వాత ఊరెళ్లినప్పుడు మాత్రం లాకర్లోంచి తీసి అమ్మాయికి చూపించి, ఒక్కో ముత్యం వెనక ఏముందో చెప్పింది.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. నవంబర్ మొదటి వారంలో ఒక శుక్రవారం సఖీర్ ఎడారిలో నడక పెట్టాను. జబల్ దుఖాన్ అంటే పొగకొండ. ఎత్తు 134 మీటర్లే అయినా ఈ దేశానికి అదే ఎవరెస్టు! కొండ చుట్టుపక్కల నిషిద్ధ ప్రాంతాలున్నాయి, చమురు పైపులున్నాయి, అందుకని దాన్ని దూరం నుంచే చూసి, అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న 'ట్రీ ఆఫ్ లైఫ్' దాకా నడుద్దామనుకున్నాం. చెట్టుకి ఐదు కిలోమీటర్లు ఉందనగా కారు ఆపాను. ఆరింటికి బయలుదేరాల్సినవాళ్లం టిఫిన్లు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. నలుగురికీ కలిపి మూడు లీటర్ల నీళ్లు. ఎడారిలో దూరాలు మోసం చేస్తాయి. చెట్టు కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరికి రాదు. పదకొండున్నరకి నీళ్లయిపోయాయి. మావాడి మొహం ఎర్రగా కందిపోయింది, తల తిరుగుతోందని కూర్చుండిపోయాడు. ఒక్క నీడ లేదు. నా ఫోను వేడెక్కి ఆగిపోయింది. అమ్మాయి తన చున్నీ విప్పి తమ్ముడి మీద గొడుగులా పట్టుకుని నిలబడింది. ఎక్సెల్ షీటులో 'నీడ' కాలమ్ దగ్గర 'లేదు' అని నా చేత్తో నేనే రాసుకున్నాను, చదవడం మర్చిపోయాను.

మా ఆవిడ నన్ను ఏమంటోందో ఇక్కడ రాయలేను. ఆ మాటలే మమ్మల్ని కాపాడాయి. గుడారాలకి నీళ్లు తోలే ట్యాంకర్ ఒకటి దుమ్ము లేపుకుంటూ వెళుతోంది, తెలుగు వినబడి ఆగింది.

"ఏంది సారూ, ఇంత ఎండల పిల్లల్ని ఏసుకొని నడుస్తుండ్రు? బండి ఖరాబైందా?"

యాభై దాటిన మనిషి. మెట్‌పల్లి దగ్గర ఊరట. పిల్లాణ్ని క్యాబిన్‌లో పడుకోబెట్టి, తడిగుడ్డ మెడకి చుట్టి, నీళ్లు ఒక్కసారిగా కాకుండా గుక్కగుక్కగా తాగించాడు. తన టిఫిన్ డబ్బాలోంచి కాస్త ఊరగాయన్నం పెట్టాడు. అరగంటకి వాడు లేచి కూర్చుని, "చెట్టు చూడకుండా వెళ్లిపోతామా?" అన్నాడు! ఆయన నవ్వి, "నేను గూడ సూడలే బిడ్డా. పందొమ్మిదేండ్లాయె వచ్చి. గీ తొవ్వల వెయ్యిసార్లు పోయిన, బండి ఆపింది లేదు" అన్నాడు. అంతా ఇరుక్కుని ట్యాంకర్లోనే వెళ్లాం.

నాలుగు వందల ఏళ్లు దాటిందని చెప్పే చెట్టు. దాదాపు 10 మీటర్ల ఎత్తు. చుట్టూ ఎటు చూసినా ఇసుకా రాళ్లూ తప్ప ఏమీ లేని చోట పచ్చగా కొమ్మలు పరుచుకుని ఉంది. నేను ముందే చదువుకొచ్చిన పాఠం అప్పజెప్పాను: ప్రోసోపిస్ సినరేరియా, వేళ్లు చాలా లోతుకి పోతాయి... ఆయన వినడం లేదు. కంచె దగ్గర నిలబడి ఆకుల వంకే చూస్తున్నాడు.

"అరే, గిది మన జమ్మి గాదు సారూ?"

అదే! తెలంగాణ రాష్ట్ర వృక్షం, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, అదే జమ్మి. లాటిన్ పేరు కంఠతా పట్టిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. దసరా పోయి నెల కావస్తోంది. ఆయన కంచె బయటికి గాలికి కొట్టుకొచ్చిన ఎండుటాకులు నాలుగు ఏరి, మావాడి చేతిలో పెట్టి, "ఇంద బిడ్డా, బంగారం" అన్నాడు. మా అమ్మాయికీ పెట్టాడు. వాళ్లమ్మ నేర్పిన అలవాటే, అది వంగి ఆయన కాళ్లకి దండం పెట్టింది. ఆయన కంగారుపడి వెనక్కి జరిగాడు. తర్వాత తల మీద చెయ్యి పెట్టాడు. తన కూతురిదీ ఇదే వయసట. పోయిన దసరాకి ఫోన్లోనే చూశాడట.

మా అమ్మాయి ఆ ఆకుల్ని ఫిజిక్స్ పుస్తకంలో దాచుకుంది. ఇప్పుడు పన్నెండో తరగతిలో ఉంది. షీటు నా దగ్గర్నుంచి లాక్కుని తనే చూస్తోంది. 'బయలుదేరే సమయం' గడికి తాళం వేసేసింది, ఆరు దాటితే రాయనివ్వదు. కొత్తగా రెండు వరసలు చేర్చింది: బార్బార్ గుడి, సార్ దగ్గర తవ్విన దిల్మున్ ఊరు. వెళ్లేలోగా రెండూ పూర్తి చెయ్యాలట.

శీతాకాలంలో ఒక శుక్రవారం మన సంఘం పిల్లల్ని ముత్యాల బాటకి తీసుకెళదామనుకుంటున్నాం. ఉదయం సరిగ్గా ఆరు గంటలకి బు మాహిర్ కోట దగ్గర. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ తప్పనిసరి. టిఫిన్లు నడక అయ్యాకే! ట్యాంకర్ అన్న కూడా వస్తానన్నాడు, ఆ రోజు డ్యూటీ పడకపోతే.