పసుపు

మచిలీపట్టణమును ఆనుకొని యున్న చిలకలపూడి రెండు విషయములకు పేరుగన్నది. ఒకటి పాండురంగస్వామి ఆలయము. రెండవది గిల్టు నగల పరిశ్రమ. చవుక లోహముపై పలుచని బంగారుపూత పూసి అచటి పనివారు చేయు హారములు, గాజులు దూరదేశములకు గూడ పోవుచున్నవి. అందుచేతనే “చిలకలపూడి బంగారము” అను మాట తెలుగునాట వాడుకలోనికి వచ్చినది. ఆ ఊరికి పడమటి దిక్కున, దివిసీమ లంకభూములలో మరియొక బంగారము పండుచున్నది. పుస్తె చేయించుకొనజాలని పేదయింటి వధువు మెడలో దాని కొమ్మే మంగళసూత్రమగును. అదియే పసుపు.

పసుపు అల్లముజాతి మొక్క. దాని ఆకులు చిన్న అరటియాకులవలె నుండును. వానికాలము ముదిరిన పిమ్మట ఆకుల నడుమనుండి వెన్ను వెలువడి, లేతపసుపువన్నె పూవులు పూయును. పూవు పూచినను గింజ పట్టదు. నేలలోని దుంపనుండియే ఏటేట మరల మొలక వచ్చును. కావున దుంపయే విత్తనము. ఎకరము నేలలో నాటుటకు సుమారు 10 క్వింటాళ్ల దుంపలు కావలెను. ఈ ఖర్చే రైతునకు మొదటి భారము.

సముద్రతీరపు చౌడునేల పసుపునకు పనికిరాదు. నది తెచ్చి వేసిన ఒండ్రునేల, నీరు నిలువని మెరక దీనికి హితములు. జూన్, జులై నెలలలో నాటిన దుంప సుమారు తొమ్మిది నెలలు నేలలో నుండును. దానికి తడి కావలెను గాని నీరు నిలువరాదు. నిలిచినచో దుంపకుళ్లు తెగులు సోకును. లంకరైతుకు పంటనిచ్చునదియు కృష్ణయే, హరించునదియు కృష్ణయే. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి, లంకలలోని అరటి, పసుపు తోటలను ముంచివేసినది. అంతవరకు పడిన శ్రమ కొన్ని దినములలో నీటిపాలయ్యెను.

ఆకులు పండి ఎండిన తరువాత దుంపలను త్రవ్వుదురు. తల్లిదుంపలను, కొమ్ములను వేరుచేసి, నీటిలో ముప్పాతిక గంట మొదలు గంటవరకు ఉడికింతురు. నురుగు పొంగి, కమ్మని వాసన వచ్చి, పుల్ల గ్రుచ్చిన సులువుగా దిగినచో ఉడికినట్లు గుర్తు. ఉడికించుటవలన రంగు కొమ్మంతట సమముగా వ్యాపించును; కొమ్ము త్వరగా ఎండును. పిమ్మట పదిపదునైదు దినములు ఎండబెట్టి, డ్రమ్ములలో వేసి త్రిప్పి మెరుగుపెట్టుదురు. 100 కిలోల పచ్చిదుంపనుండి సుమారు 20 కిలోల ఎండుపసుపు మాత్రమే లభించును. గుంటూరు జిల్లాలోని దుగ్గిరాల దీనికి ప్రసిద్ధమైన విపణి.

వంటలో, పూజలో, స్నానములో పసుపు లేని తెలుగు గృహము లేదు. సున్నము కలిపినచో పసుపు ఎఱ్ఱబడును, అదియే పారాణి. చిన్నగాయమునకు పసుపు అద్దుట, జలుబునకు పసుపు కలిపిన వేడిపాలు త్రాగుట తరతరముల ఆచారము. దాని పసుపువన్నెకు కారణమైన పదార్థమునకు కర్‌క్యుమిన్ అని పేరు. అయినను పసుపు వైద్యునకు బదులు కాదు. లోతైన గాయమైనచో ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయించుకొనవలసినదే.

1995లో అమెరికా ప్రభుత్వము, గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై అచటి ఒక విశ్వవిద్యాలయమునకు పేటెంటు హక్కు నొసగినది. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దీనిని ఎదిరించి, ఈ జ్ఞానము భారతీయులకు పూర్వమునుండియు కలదని సంస్కృతగ్రంథములను, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసమును సాక్ష్యముగా చూపెను. 1997లో ఆ హక్కు రద్దయినది. మన అవ్వల వంటింటి జ్ఞానము ఒకరి సొత్తు కాదని ఆ తీర్పువలన తేటపడినది.

బయటివారినుండి కాపాడుకొన్న ఈ వస్తువును లోపలివారినుండియు కాపాడుకొనవలసి యున్నది. కొమ్ములు మిగుల మెరయవలెనని కొందరు లోభులు సీసము గల క్రోమేటు రంగును పూయుదురు. సీసము శరీరమున చేరినచో పిల్లల మెదడునకు హాని కలుగును. బంగ్లాదేశములో 2019లో పరీక్షించిన పసుపు మచ్చులలో నూటికి 47 ఈ దోషము కలిగి యుండెను. ప్రభుత్వము కఠినముగా వ్యవహరించి, ప్రజలకు తెలియజెప్పగా 2021 నాటి పరీక్షలలో ఒక్కటియు దొరకలేదు. పూనుకొన్నచో ఈ కల్తీ మాన్పుట అసాధ్యము కాదు.

చిలకలపూడి పనివాడు తన నగను గిల్టు నగ యనియే చెప్పి అమ్మును, కొన్నవారు మోసపోరు. పసుపునకు పూతపూసి అమ్మువాడు మాత్రము అన్నములో విషము కలిపినవాడే యగును. కొమ్ము కొనునప్పుడు మితిమీరిన మెరుపును నమ్మరాదు, విరిచి చూడవలెను. గిల్టు నగకు వన్నె పైననే. మంచి పసుపుకొమ్మునకు వన్నె లోపల.