బుకిత్ మెర్తాజమ్ అన్నమ్మగారి తిరునాళ్ళు

మలయా దేశపు ఉత్తరభాగమున, పినాంగు దీవికి ఎదుటి గట్టున, బుకిత్ మెర్తాజమ్ అను ఊరు కలదు. మలయు భాషలో ‘బుకిత్’ అనగా కొండ. ఆ కొండ పాదముననున్న దేవాలయమున ఏటేట జూలై 26వ తేదీన అర్చ్యశిష్ట అన్నమ్మగారి తిరునాళ్ళు జరుగును. అన్నమ్మగారు దేవమాతకు కన్నతల్లి, మన ప్రభువునకు అమ్మమ్మ. ఆ పండుగకు చీనులు, తమిళులు, యురేషియనులు, తూర్పు మలేషియా ద్వీపవాసులు, అన్యమతస్థులు సయితము వత్తురు. వచ్చువారి సంఖ్య లక్షకు మించుచుండును. తోటలనుండి మన తెలుగు కుటుంబములును పోవుచుండుటచే ఆ విచారణ పుట్టుపూర్వోత్తరములను, ఆ పుణ్యవతి చరిత్రమును కొంత వివరింపవలెనని తలచితిమి.

1786వ సంవత్సరమున ఆంగ్లేయులు పినాంగు దీవిలో అడుగిడిరి. 1800వ సంవత్సరమున కెడా సుల్తాను ఎదుటి తీరభూమిని వారికి విడిచిపెట్టెను. దానికే వెల్లస్లీ పరగణా అని పేరిడిరి. అప్పటికి అది చాలవరకు అడవియు, బాడవనేలయు. అడవి నరికి సేద్యము చేసినవారిలో హక్కా చీనులు కొందరు క్రైస్తవులుగా నుండిరి. వారు కొండదాపున కాపురములు పెట్టుకొని, తమకొక గురువు కావలెనని కోరిరి. పారిసు నగరపు విదేశ వేదబోధక సభకు చెందిన ఫ్రెంచి గురువులు 1808 నుండియే పినాంగులో గురువిద్యాలయము నడుపుచుండిరి. ఆ సభవారే సముద్రపాయ దాటి వచ్చి, 1846వ సంవత్సరమున కొండమీద చిన్న ప్రార్థనా మందిరమును కట్టించిరి. ఆ విచారణకు మొదలు అదియే. రాజులు కట్టించిన గుడి కాదు, ధనికులు దానమిచ్చిన మాన్యము కాదు. చేతులు కాయలు కాచిన సేద్యగాండ్ర గుడి అది. ఈ సంగతి మనవారు గుర్తుంచుకొనదగినది.

సంఘము పెరిగినకొలది మందిరము చాలకపోయెను. 1888లో కట్టిన దేవాలయమే నేటికిని యాత్రికులు పాత గుడియని పిలుచునది.

ఆ కాలముననే ఆ పరగణాలో చెరకుతోటలు, పిమ్మట రబ్బరుతోటలు విస్తరిల్లెను. వాని కొరకు హిందూదేశమునుండి కూలీలను ఓడలలో తెచ్చిరి. ఒడంబడిక కూలి పద్ధతి 1910లో రద్దయ్యెను. కంగాణీల ద్వారా మనుష్యులను రప్పించుట మాత్రము 1938 వరకును సాగెను. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి, చిత్తూరు సీమనుండి మన పెద్దలు ఆ కంగాణీల వెంట వచ్చినవారే. వారిలో పెక్కుమంది దక్షిణ పేరాకులోని కొబ్బరితోటలలో కుదురుకొనిరి. అత్యధికులు రామభజన చేయు వైష్ణవులు. క్రైస్తవులు కొలదిమందియే. కావున తెలుగు క్రైస్తవులకు వేరుగా గుడి కట్టుకొనునంత బలగము ఎన్నడును చేకూరలేదు. తమిళ సోదరుల పక్కన మోకరించి, వారి భాషలోనే జపమాల చెప్పుట మనవారికి వాడుకయ్యెను.

ఇక అన్నమ్మగారి కథ. ఈమె పేరు సువార్తలు నాలుగింటిలో ఎందును లేదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున పుట్టిన యాకోబుగారి ఆదిసువార్త యను గ్రంథమే ఈ కథకు ఆధారము. శ్రీసభ దానిని వేదగ్రంథములలో చేర్చలేదు. అయినను ఆ కథను విశ్వాసులు ఆదరముతో చెప్పుకొనుచు వచ్చిరి. యోవాకీముగారు, అన్నమ్మగారు చిరకాలము సంతానము లేనివారు. యోవాకీముగారు దేవాలయమునకు కానుక తీసికొనిపోగా, ఇశ్రాయేలున బిడ్డను కననివాడు ముందుగా కానుక పెట్టరాదని ఒకడు అడ్డుపడెను. ఆయన సిగ్గుచే ఇల్లు చేరక, అరణ్యమునకు పోయి ఉపవాసముండెను. ఇంటనున్న అన్నమ్మగారిని దాసియే ఎత్తిపొడిచెను. ఆమె తోటలో ఒక చెట్టుక్రింద కూర్చుండి, కొమ్మలలో పిచ్చుకగూడు చూచి, పక్షులకును పిల్లలున్నవి గదా, నాకేల లేకపోయెనని విలపించెను. అప్పుడు దేవదూత వచ్చి శుభవార్త చెప్పెను.

ఈ కథ చదువునపుడు మన కూలి లైనులు జ్ఞప్తికి రాక మానవు. పెండ్లియై అయిదారేండ్లయినను కడుపు పండని స్త్రీని గొడ్రాలని పిలుచుట, సీమంతమునకు పిలువకుండుట, పురిటి బిడ్డను ఆమె చేతికీయకుండుట మనలో నున్న ఆచారమే గదా! తెల్లవారకముందే లేచి, దీపము తలకు కట్టుకొని రబ్బరు చెట్లు గీసి, మధ్యాహ్నము పాలు మోసికొనివచ్చు ఆ తల్లికి లోపమేమి? లోపము మగవానియందుండవచ్చునని నేటి వైద్యులు నిస్సంశయముగా చెప్పుచున్నారు. అయినను మాట పడునది ఆడుదియే. అట్టి స్త్రీయే జూలై నెలలో అత్తగారితో కలిసి బుకిత్ మెర్తాజమ్ చేరి మ్రొక్కుకొనును. పక్కన నిలిచిన అత్తగారు తాము కొనియాడుచున్న పుణ్యవతియే ఒకనాడు గొడ్రాలనిపించుకొన్నదని ఎరుగునో లేదో! ఎరిగినయెడల తిరుగు ప్రయాణములో కోడలిని ఎత్తిపొడుచుటకు నోరు రాకుండవలెను.

పండుగ పద్ధతి ఇట్టిది. తొమ్మిది దినములు ముందుగా నవదిన ప్రార్థనలు జరుగును. ఆంగ్ల, మలయు, చీన, తమిళ భాషలలో దివ్యపూజలు చేయుదురు. రాత్రివేళ అన్నమ్మగారి స్వరూపమును అలంకరించి ఊరేగింతురు. వెనుక జనులు మైనపువత్తులు చేతబట్టి జపములు చెప్పుచు నడతురు. చీకటిలో ఆ వెలుగులు కొండపాదమున పారు ఏరువలె కానవచ్చును. పాత గుడియొద్ద వత్తులు వెలిగించి, పూలదండలు సమర్పించి, అచ్చటి ఊటనీటిని సీసాలలో ఇంటికి తెచ్చుకొందురు. చీన వృద్ధురాలును, మన అవ్వయు ఒకరి భాష ఒకరెరుగకయే ఒకే మంటకు వత్తులు ముట్టించుకొనుట అచ్చట వింత కాదు.

అన్నమ్మగారి స్వరూపము పెక్కుచోట్ల చేత పుస్తకముతో, పక్కన చిన్నారి మరియమ్మతో ఉండును. బిడ్డకు చదువు నేర్పు తల్లిగా చిత్రకారులు ఆమెను భావించిరి. 1923వ సంవత్సరపు కార్మిక శాసనము ఈడు వచ్చిన బిడ్డలు పదిమందియున్న తోటలో బడి పెట్టవలెనని విధించెను. అట్లు వెలసిన తెలుగు బడులు కాలక్రమమున ఒక్కొక్కటిగా మూతపడెను. నేడు తెలుగక్షరము బిడ్డకు అందవలెనన్న తల్లియొడియే బడి. రాత్రి ప్రార్థన నొకదానినైనను తెలుగున చెప్పించినచో నెలకు నాలుగక్షరములు రాకపోవు.

ఈ విచారణకు గొప్ప గండమొకటి కలిగెను. 1948 మొదలు 1960 వరకు దేశమున అత్యవసర పరిస్థితి నడచెను. అడవిలోని కమ్యూనిస్టు దళములకు అన్నము అందకుండుటకై 1950 తరువాత అడవిదాపున నున్నవారిని ముళ్ళకంచెల నడుమ కొత్త గ్రామములకు తరలించిరి. తోటకూలీల లైనులను కూడ ఒకచోటికి చేర్చి కంచె వేసిరి. బియ్యమునకు కొలత, రాత్రికి నిర్బంధము. కొండదాపు నిషిద్ధ ప్రదేశమగుటచే పాత గుడి మూతపడెను. గోడలను తీగలు అల్లుకొనెను. శాంతి కలిగిన పిమ్మట విశ్వాసులు మరల దానిని బాగుచేసికొనిరి. జనసమ్మర్దము హెచ్చుటచే 2002లో విశాలమైన కొత్త దేవాలయము వెలసెను. 2019వ సంవత్సరమున దీనికి లఘు బసిలికా యను గౌరవము లభించెను.

ఈ నడుమ మన స్థితియు మారినది. దొరల తోటలు ముక్కలుగా అమ్ముడుపోయినవి. రబ్బరు కొట్టి తాటినూనె చెట్లు నాటిరి. పెక్కు కుటుంబములు పట్టణములు చేరినవి. తోట విడిచినవారిలో అన్నయు తమ్ముడును ఏడాదికొకమారు కలిసికొను చోటు కొందరికి ఈ కొండపాదమే.

పోదలచినవారికి ఒకటి రెండు మాటలు. మ్రొక్కుబడి పేర వడ్డీకి అప్పు చేయవలదు. ఒక్క వత్తియు, ఒక్క జపమాలయు చాలును. వెండి బొమ్మలు అన్నమ్మగారు అడుగలేదు. తిరునాళ్ళ దారిలో కల్లు, సారాయి త్రాగి భార్యాబిడ్డలను ఏడిపించువాడు ఇంటనుండుటయే మేలు. పాప సంకీర్తనము చేయగోరువారు పండుగనాటి రద్దీకి ముందే, నవదినములలో పోయిన గురువులు నెమ్మదిగా విందురు. వృద్ధులను, గర్భిణులను ఊరేగింపు నడుమకు తీసికొనిపోక పాత గుడి మెట్లయొద్ద కూర్చుండబెట్టుడు. పిల్లల చొక్కాజేబులో తండ్రి పేరు, ఊరి పేరు వ్రాసిన చీటి ఉంచుడు. ఊటనీటికి మూతగల సీసా ఇంటనుండియే తీసికొనిపోవుట మంచిది.