అల్లిక బట్టల రూపకల్పనలో కంప్యూటరు

వస్త్రములు ప్రధానముగా రెండు విధములు: నేసినవి, అల్లినవి. చీర, ధోవతి, తువాలు మున్నగునవి పడుగు పేకల కలయికచే ఏర్పడును. బనియను, మేజోడు, స్వెట్టరు అట్టివి కావు. వీనియందు నూలుపోగు ఉచ్చులు ఉచ్చులుగా వంగి, ఒక వరుసలోని ఉచ్చు దాని పైవరుసలోని ఉచ్చును పట్టుకొనియుండును. అందుచేతనే అల్లికబట్ట సాగును, ముడుచుకొనును, కోసినచోట అంచు చుట్టుకొనును. మగ్గమెరిగిన తెలుగువారికి ఈ భేదము కొత్త కాదు. కాని కంప్యూటరుతో అల్లికబట్టలను రూపొందించుటలోని కష్టమంతయు ఇచటనే ఉన్నది.

అల్లిక పరిశ్రమకు తమిళనాడునందలి తిరుప్పూరు దేశమంతట ప్రసిద్ధము. నొయ్యల్ యేటి ఒడ్డునగల ఈ పట్టణమునందును, చుట్టునున్న కొంగునాటను తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. వారిలో పలువురకు బనియను పనియే జీవనాధారము. విదేశపు వ్యాపారి కోరిన చొక్కా తయారగుటకు ముందు ఎన్ని నమూనాలు కుట్టవలయునో ఆ యిండ్లవారికి తెలియును. రూపము చూచుటకొకటి, ఒంటికి అమరిక చూచుటకొకటి, పరిమాణమునకొక్కటి చొప్పున కొన్ని, కట్టకడపట ఉత్పత్తికి ముందొకటి. చంక బిగువైనదని అచటినుండి జాబు వచ్చినచో పని మరల మొదటికి వచ్చును. ప్రతి నమూనాకును నూలు, అద్దకము, నీరు, విమానపు కూలి, అన్నిటిని మించి దినములు ఖర్చగును. అద్దకపు నీటివలన నొయ్యల్ పాడైనదనియు, 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ పట్టణపు అద్దకపు కర్మాగారములను మూయవలసినదని ఉత్తరువిచ్చినదనియు అందరెరిగినదే. కనుక ఒక నమూనా తగ్గినను లాభమే.

కంప్యూటరు తగ్గించునది సరిగా ఈ నమూనాలనే. కత్తిరింపు ముక్కలను కొలతల ప్రకారము తెరమీద గీసి, వానిని అచటనే కుట్టి, కోరిన కొలతలుగల మానవాకృతికి తొడుగుదురు. బట్ట ఎచట బిగిసినదో, ఎచట వదులైనదో రంగుల భేదముచే తెలియును. చంక బిగువైనచో గీత నొకింత జరిపిన చాలును. కొన్ని నిమిషములలో కొత్త రూపము కనబడును. కత్తెర ముట్టనక్కరలేదు.

అయితే తెరమీది బట్ట నిజమైన బట్టవలె ప్రవర్తించునని నమ్ముట యెట్లు? దాని బరువు, మందము, సాగుదల, వంపు అను గుణములను ముందుగా కొలిచి యంత్రమునకు ఇచ్చినప్పుడే అది సాధ్యము. అల్లికబట్ట అడ్డముగా ఒక తీరున, నిలువుగా మరియొక తీరున సాగును. కావున రెండు దిక్కులను వేరువేరుగా కొలువవలెను. ఇంతకంటెను మూలమైన కొలత మరియొకటి కలదు. అది ఒక్కొక్క ఉచ్చునకు పట్టిన పోగు పొడవు. సాదా అల్లిక బట్ట కొలతలను ప్రధానముగా నిర్ణయించునది ఈ పొడవేనని 1959లో డి. ఎల్. మండెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆ పొడవును సెంటీమీటర్లలో తీసికొని, దానితో ఒక స్థిరసంఖ్యను భాగించినచో సెంటీమీటరునకు ఎన్ని వరుసలుండునో వచ్చును. ఉన్ని బట్టకు ఆయన ఇచ్చిన సంఖ్యలు పొడిగానున్నప్పుడు అడ్డువరుసలకు 5.0, నిలువువరుసలకు 3.8, నీట నానిన పిదప 5.3, 4.1. అనగా 70 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పుగల బట్ట తడిసి సడలిన పిమ్మట సుమారు 66 పొడవునకును, 46 వెడల్పునకును వచ్చును. నూలుబట్టకు ఈ సంఖ్యలు కొంత మారును, ఉతుకుటచేతను మారును; సూత్రము మాత్రము అదియే. ఈ ముడుచుకొనుటను లెక్కలో వేయక తెరమీద చూచిన చొక్కా మొదటి ఉతుకునకు పూర్వపు చొక్కా మాత్రమే.

బల్లపరుపు యంత్రములతో స్వెట్టర్లు అల్లుచోట్ల సంగతి వేరు. జపానునందలి షిమా సైకి, జర్మనీయందలి స్టాల్ కంపెనీల యంత్రములలో తెరమీది గళ్ళు ఉచ్చులకు సంకేతములు. గడి రంగును బట్టి సూది ఉచ్చు తీయవలెనో, విడువవలెనో, పక్క పలకకు బదలాయించవలెనో నిర్ణయమగును. కుట్టు లేక ఒకేమారు మొత్తము వస్త్రమును అల్లు యంత్రమును షిమా సైకి 1995లో ప్రదర్శించెను. అమెరికాయందు కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2008లో బట్టను పలుచని రేకుగా గాక, ఒక్కొక్క పోగుగా లెక్కించి చూపిరి. అట్టి గణనకు పట్టుకాలము ఎక్కువ.

తిరుప్పూరునందు ప్రధానముగా వాడునది గుండ్రని యంత్రము. 30 అంగుళముల వ్యాసము, అంగుళమునకు 24 సూదులు గలదానిలో సుమారు 2,260 సూదులుండును. ఈ సాదా బట్టకు ఒక చెడ్డగుణము కలదు. నూలు పురి ఎక్కువైనచో ఉతికిన పిదప నిలువువరుసలు ఒరిగి, చొక్కా పక్కకుట్టు పొట్టమీదికి తిరుగును. సాధారణపు అనుకరణలలో ఇది కనబడదు. పురిని చేతితో సడలించి చూచి, ఈ నూలు తిరుగునని ముందే చెప్పగల పెద్ద మేస్త్రీలు ఎందరో కలరు. తెర వచ్చినది కదా యని వారిని పనినుండి తప్పించుట తెలివిగాదు. వారెరిగినదే కొలతగా మారి కంప్యూటరునకు చేరవలసియున్నది. అయితే ఆ కొలతలు తీయు పాఠములు ఆంగ్లమున నున్నవి, పనివారి సంభాషణ తమిళమున, ఇంటి మాట తెలుగున. ఉచ్చు, పోగు, పురి, వరుస అను మాటలు తెలుగు పిల్లలకు తెలిసినవే అయినను, అవి ఈ శాస్త్రపు మాటలేయని ఎవరును వారికి చెప్పుట లేదు.

ఉచ్చు పొడవును కొలుచుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. పాత బనియను కోసిన అంచున 100 నిలువువరుసలు లెక్కించి, రెండు చివరల సిరాతో గుర్తు పెట్టవలెను. ఆ వరుస పోగును మెల్లగా ఊడదీసి, వంకరలు పోవునంతవరకే సాగదీసి, గుర్తుల నడుమ దూరము కొలిచి 100చే భాగింపవలెను. ఉచ్చు 3 మిల్లీమీటర్లదైనచో ఆ పోగు 30 సెంటీమీటర్లుండును. బడిపిల్లల కొలబద్ద సరిగా అంతే.